తోలుబొమ్మలాటలో పెద్దల హాస్యం: కథన బలాలు, లోపాలు

నిర్వచనం, పరిధి

తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథలు సాగుతుండగా నడిమధ్య కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చి నవ్వించే ఘట్టాలను ఈ వ్యాసంలో పెద్దల హాస్యం అంటున్నాం. మొగుడూ పెళ్లాల తగువు, రంకు, ఆకలి, తన్నులాట, రెండర్థాల మాట, ఒక్కోసారి పచ్చి బూతు ఈ ఘట్టాల సరుకు. పెద్దల కోసమని విడిగా ఆట కట్టరు. పిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోతున్న ఆ పందిట్లోనే, సీతాపహరణం చూపించిన ఆ తెర మీదే ఇదీ నడుస్తుంది. అందుకే దీన్ని ఇతిహాస కథ నుంచి విడదీసి చూడటం కుదరదు. బూతు ఉండాలా వద్దా అన్న వాదన పాతదే. కథ చెప్పే పద్ధతి దృష్టితో చూస్తే దానికంటే ముందు తేల్చవలసింది వేరే ఉంది: హాస్య ఘట్టంలో జరిగినది ఆ తర్వాతి కథలో లెక్కకు వస్తుందా, రాదా? ఈ ఘట్టాల బలమంతా భాషలో, కాలాన్ని నడిపే తీరులో ఉంది. లోపమంతా జరిగినదానికి పర్యవసానం లేకపోవడంలో ఉంది. బూతు ఆ లోపానికి కారణం కాదు.

ప్రాంతం, ప్రేక్షకులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు చెందిన ఊళ్లు. ఒకవైపు కర్ణాటకలోని కోలారు సీమ, కుప్పం దగ్గరికి వచ్చేసరికి తమిళనాడులోని కృష్ణగిరి వైపు కూడా హద్దులు తగులుతాయి. సంతలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే ఈ నేల మీద నిలబడితే మూడు రాష్ట్రాల బొమ్మలాటలు ఒకదానికొకటి ఎంత దగ్గరివో తెలుస్తుంది. ఆంధ్రలో తోలుబొమ్మలాట, కర్ణాటకలో తొగలు గొంబెయాట, తమిళనాట తోల్‌పావైకూత్తు ఆడేవాళ్లలో ఎక్కువ మంది ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడే కుటుంబాల వాళ్లే. మూడు చోట్లా హాస్య జంటలున్నాయి. కన్నడంలో కిళ్లేక్యాత, బంగారక్క జంట ఎంత పేరుపొందిందంటే ఆటగాళ్ల కులాన్నే కిళ్లేక్యాతలని పిలుస్తారు. తమిళంలో ఉచ్చికుడుంబన్, ఉళువత్తలైయన్ ఆ పని చేస్తారు. రాముడూ రావణుడూ అన్ని భాషల్లోనూ ఉన్నవాళ్లే కాబట్టి వాళ్లను బట్టి ఈ చుట్టరికం చెప్పలేం. దాన్ని పట్టి ఇచ్చేది ఈ హాస్యగాళ్లే. ద్రావిడ భాషలను ఒకచోట పరిశీలించడానికి 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉండటం ఈ తులనాత్మక పరిశీలనకు అనువైన సంగతి.

ఈ సీమ ప్రేక్షకులకు రాత్రంతా కూర్చుని ఇతిహాసం చూసే అలవాటు వేరే దారిలోనూ ఉంది. ధర్మరాజుల గుళ్ల దగ్గర వేసవిలో రోజుల తరబడి భారత ఉత్సవాలు చేస్తారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర మట్టితో పోసిన భారీ దుర్యోధనుడి బొమ్మ తొడ మీద భీముడి దెబ్బ, ఆపై నిప్పుల గుండం. (చూ. వీధినాటకం, భారత ఉత్సవాలు.) కథ ముందే తెలిసిన ప్రేక్షకుడికి తర్వాత ఏం జరుగుతుందన్న ఉత్కంఠ ఉండదు. తెల్లవార్లూ మెలకువగా ఉంచేది చెప్పే తీరే. హాస్య ఘట్టాల విలువ కట్టేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

చరిత్ర

తెర వెనక బొమ్మలాడించే కళ పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర నాటికే తెలుగునాట వాడుకలో ఉంది. ఆటకు పద్య సామగ్రి ఎక్కువగా రంగనాథ రామాయణం నుంచి వచ్చింది. ద్విపద కావడం వల్ల అది నోటికి సులువుగా ఎక్కుతుంది, తాళానికి లొంగుతుంది. ఈనాటి ఆటగాళ్ల కుటుంబాలు మరాఠా ప్రాంతం నుంచి దక్షిణానికి వచ్చినవి. హాస్యగాళ్ల మాటలకు మాత్రం గ్రంథాధారం ఏదీ లేదు. ఆ మాట తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి వచ్చినదే, ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి యాసలో మారినదే. ఒకే ఆటలో గ్రంథస్థ పద్యమూ, రాతకెక్కని మాటా పక్కపక్కనే నడవడం తోలుబొమ్మలాట నిర్మాణంలోని మూల లక్షణం.

రాతకెక్కకపోవడం ఒక రకంగా రక్ష కూడా అయింది. ముద్దుపళని రాధికా సాంత్వనం 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరణలో అచ్చయినప్పుడు అశ్లీలమన్న ఆరోపణ వచ్చింది. వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. జప్తు చేయడానికి బొమ్మలాట హాస్యానికి పుస్తకం లేదు. దాని మీద వచ్చిన ఒత్తిడి చట్టం నుంచి కాకుండా ఆట కట్టించే పెద్దమనుషుల నుంచి, ఆ తర్వాత ప్రభుత్వ వేదికల నుంచి వచ్చింది.

పాత్రలు, రకాలు

జుట్టుపోలిగాడు మొగుడు, బంగారక్క పెళ్లాం, కేతిగాడు వాళ్ల మధ్యకు దూరేవాడు. గాంధోళిగాడు, అల్లాటప్ప వంటి పేర్లతో మరికొందరు కొన్ని మేళాల్లో కనిపిస్తారు. ఘట్టాలు స్థూలంగా మూడు రకాలు. ఆట మొదట్లో, వినాయక ప్రార్థన అయ్యాక జనాన్ని కుదురుగా కూర్చోబెట్టడానికి వచ్చేవి ఒకటి. రెండు యుద్ధాల మధ్యనో, శోక ఘట్టం తర్వాతనో వచ్చే విడి సంసార తగువులు రెండవది. హాస్యగాడు భటుడుగానో, చాటింపు వేసేవాడుగానో ఇతిహాస పాత్రల మధ్యకే వచ్చేవి మూడవది. సంఖ్యలో రెండో రకానిదే పెద్దపీట. కథనపరంగా మూడో రకం విలువైనది. ఎందుకో తర్వాత వస్తుంది.

పనితీరు

బొమ్మను ఎక్కువగా మేకతోలుతో చేస్తారు. తోలును శుభ్రం చేసి, వెలుతురు పారేదాకా పల్చబరిచి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి నగలు, అంచులు తీరుస్తారు. రెండు వైపులా రంగు వేస్తారు. నిడివికి నడుమ వెదురు బద్ద దన్నుగా ఉంటుంది. ఆంధ్ర బొమ్మలు దేశంలోకెల్లా పెద్దవాటిలో చేరతాయి, ఇతిహాస పాత్రలు మనిషంత ఎత్తు వరకు ఉంటాయి. హాస్యగాళ్ల బొమ్మలు వాటికంటే చిన్నవి. తెల్లటి గుడ్డ తెర వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు. ఆడించేవాళ్లు కాళ్ల కింద చెక్కలు తొక్కి యుద్ధపు చప్పుడు పుట్టిస్తారు. ఇంటి ఆడవాళ్లు పాడతారు, స్త్రీ పాత్రలకు గొంతు ఇస్తారు.

ఇందులో ఒక చిన్న ఏర్పాటు కథనానికి చాలా ముఖ్యం. మాట్లాడని బొమ్మను ఈత ముల్లుతో తెరకు గుచ్చి నిలబెడతారు. కొలువులో రావణుడు, పక్కన మంత్రులు అలా గుచ్చి ఉండగా మాట్లాడే బొమ్మ ఒక్కటే కదులుతుంది. హాస్యగాళ్లు వచ్చినప్పుడు ఒక్కోసారి ఇతిహాస బొమ్మను తీసేస్తారు, ఒక్కోసారి అలాగే ఉంచుతారు. ఉంచినప్పుడు కనిపించేది ఇది: పది తలల బొమ్మ, రంధ్రాల నగల్లోంచి వెలుతురు చిమ్ముతూ, కదలక మెదలక తెర కుడివైపున ఉంటుంది. ఎడమవైపు అందులో సగం లేని జుట్టుపోలిగాడు చేతులు విసురుతూ ఎగిరెగిరి పడుతుంటాడు, బంగారక్క నడుము తిప్పుతూ వాడి మీదికి వస్తుంది. ఇతిహాస కాలం ఆగింది, ఊరి కాలం నడుస్తోంది. ఆ రెండు కాలాలను ఒకే గుడ్డ మీద కంటికి చూపించడం మాటతో మాత్రమే కథ చెప్పేవాళ్లకు చేతకాని పని.

కదలని బొమ్మ, కదిలే గొంతు, వెనక సంగీతం కలిసి కథ చెప్పే పద్ధతి ప్రపంచానికి కొత్త కాదు. జపానులో కంప్యూటరు మీద చదివే విజువల్ నవల అనే రూపం 1990లలో స్థిరపడింది. నిలకడగా ఉండే పాత్రల బొమ్మలు, కింద సంభాషణ, మధ్యమధ్య పాఠకుడు ఎంచుకునే మలుపులు దాని లక్షణాలు. ఆ రూపంలో పేరుపొందిన రచనలు చాలా వరకు పెద్దల కోసమని మొదలైనవే. రెండింటిలోనూ బొమ్మల సంఖ్య పరిమితం. ఒకే బొమ్మను అనేక సందర్భాలకు వాడతారు, మారవలసిన ముఖభావాన్ని గొంతు పూరిస్తుంది. ఎంపిక మాత్రం ఇక్కడ మీట నొక్కి చేసేది కాదు. ఏ కథ ఆడాలో ఊరి పెద్దలు చెబుతారు, హాస్యం ఎంతసేపు సాగాలో జనం నవ్వే చెబుతుంది. జనం కదలకుండా ఉంటే జుట్టుపోలిగాడి తగువు పెరుగుతుంది, విసిగితే యుద్ధం తొందరగా వస్తుంది. సూత్రధారికి కథ నోటికి వచ్చి ఉండటం వల్ల ఎక్కడ వదిలినా మళ్లీ అందుకోగలడు.

కథన బలాలు

మొదటి బలం భాష. రాముడు ద్విపదలో మాట్లాడతాడు, బంగారక్క వీధి కుళాయి దగ్గర వినిపించే తెలుగులో మాట్లాడుతుంది. ఇతిహాసం మీద గౌరవం ఉన్న ఏ రచయితా రాముడి నోట కరువు, అప్పు, రేషను, వడ్డీ గురించి మాట్లాడించలేడు. ఆ మాటలు కథలోకి రావడానికి ఉన్న ద్వారం హాస్యగాళ్లే. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణ వంటి ప్రచారాలను బొమ్మలాటకు అప్పజెప్పినప్పుడు ఆ భారం ఈ పాత్రల మీద పడటానికి కారణమూ ఇదే. సంసారం, సంభోగం, సంతానం గురించి తెర మీద నోరు విప్పే అధికారం అప్పటికే వాళ్లకుంది. ఆ అధికారం బూతు వల్ల సంపాదించుకున్నదే.

రెండో బలం కాలాన్ని నడపడం. లక్ష్మణ మూర్ఛ తర్వాత రాముడి శోకం దీర్ఘంగా సాగుతుంది. ఆ బరువు మీద వెంటనే ఇంకో యుద్ధం పెడితే రెండూ దెబ్బతింటాయి. మధ్యలో వచ్చే నవ్వు మనసును ఖాళీ చేసి తర్వాతి ఘట్టానికి చోటు చేస్తుంది. ఆంధ్ర తోలుబొమ్మలాట మీద పరిశోధించిన జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1989లో వచ్చిన ‘ఓరల్ ఎపిక్స్ ఇన్ ఇండియా’ సంకలనంలో రాసిన వ్యాసానికి హాస్యగాళ్ల చేతిలో పగ్గాలున్నాయన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. ఆట లయ దృష్టితో ఆ మాటను కాదనలేం.

మూడో బలం గురించి విమర్శకులు తక్కువ మాట్లాడారు. ఇతిహాసంలో ఆడదాని శీలం చుట్టూ యుద్ధం జరుగుతుంది. సీత అగ్నిలో దిగాలి, ద్రౌపది సభలో నిలబడాలి. అదే తెర మీద బంగారక్క మొగుణ్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఎవరితో నవ్వాలనిపిస్తే వాళ్లతో నవ్వి, తెల్లారేసరికి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ రెండు రకాల ఆడవాళ్లూ ఒకే రాత్రిలో కనిపించడమే ఒక వ్యాఖ్య. ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర లేదు.

కథన లోపాలు

ఆ చెక్కుచెదరకపోవడంలోనే లోపమూ ఉంది. బంగారక్కకు నిన్న జరిగినది ఇవాళ గుర్తుండదు. మొగుడు కొట్టిన దెబ్బకు మచ్చ లేదు, రంకు బయటపడినా ఇల్లు చెడదు, కేతిగాడు ఎన్నిసార్లు తన్నులు తిన్నా మళ్లీ అక్కడికే వస్తాడు. పాత్ర మారకపోవడం హాస్యానికి అవసరమే. కాని రాత్రంతా సాగే ఆటలో నాలుగోసారి అదే తగువు వచ్చేసరికి ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, ఇందులో ఎవరికీ పోయేదేమీ లేదని. అక్కడి నుంచి నవ్వు మాట మీదే ఆధారపడుతుంది. మాట ఆరిపోయినప్పుడు గొంతు పెంచడం, బూతు పెంచడం తప్ప ఆటగాడికి దారి ఉండదు. బూతు శ్రుతి మించిందన్న ఫిర్యాదు చాలాసార్లు నిజానికి కథ నిలిచిపోయిందన్న ఫిర్యాదే.

రెండో రకపు ఘట్టాలను ఆట నుంచి ఎత్తేసినా ఇతిహాసంలో ఒక్క దారం తెగదు. విజువల్ నవలలో దీనికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఉంది. ఫేట్/స్టే నైట్ 2004లో పెద్దల దృశ్యాలతో వచ్చింది. 2007లో ఆ దృశ్యాలు లేకుండా, వాటి చోట వేరే సన్నివేశాలు పెట్టి విడుదల చేసినప్పుడు కథ అలాగే నిలబడింది. అంటే ఆ దృశ్యాలు కథ మోసే దూలాలు కావు. 2003లో వచ్చిన సయ నో ఉత అలా కాదు. అందులో లోకం వికారంగా కనిపించే నాయకుడికి ఒక్క సయ మాత్రమే అందంగా కనిపిస్తుంది, వాళ్ల సంబంధాన్ని తీసేస్తే కథే మిగలదు. కొలబద్ద ఇదే కావాలి: తీసేస్తే ఏం తెగుతుంది?

తెలుగులోనే దీనికి మంచి పోలిక శుకసప్తతి. సంస్కృతంలోని ఆ కథాచక్రాన్ని పాలవేకరి కదిరీపతి తెలుగు కావ్యంగా మలిచాడు. భర్త ఊళ్లో లేని వేళ పరపురుషుడి కోసం బయలుదేరబోయే ఇల్లాలికి చిలుక రోజుకో రంకు కథ చెబుతుంది. చిక్కుముడి దగ్గర ఆపి, ఆ ఆడది ఎలా తప్పించుకుందో తెలిస్తే వెళ్లు, తెలియకపోతే విను అంటుంది. ఆమె ఆలోచిస్తుండగానే తెల్లవారుతుంది. ప్రతి శృంగార కథా ఆమెను ఆ రాత్రికి గడప దాటకుండా ఆపుతుంది గనక, ఏ కథకూ విడిగా నీతి లేకపోయినా ప్రతిదానికీ పర్యవసానం ఉంది. వినేదాన్ని ఆలోచించమని అడగడం వల్ల ఆమె కథలో భాగమవుతుంది. (చూ. హంసవింశతి.) చిలుక కథల్లోనూ ఒకే మూస తిరిగి తిరిగి వస్తుంది, నిజమే. కాని మూసను మోసే చట్రం గట్టిది. బంగారక్క ఘట్టాలకు లేనిది ఆ చట్రమే.

అభ్యంతరాలు

ఇతిహాసం మధ్య బూతు పెట్టడం భక్తికి భంగమన్నది తరచు వినిపించే అభ్యంతరం. ఈ సీమ ఆచారమే దానికి జవాబు. తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు బండ వేషం, తోటి వేషం వేసుకుని బూతులు తిడుతూ వీధుల్లో తిరుగుతారు. ఆడవాళ్లను చెరపట్టిన పాళెగాణ్ని గంగమ్మ వేషాలు మార్చి వెతికి చంపిందన్న కథ ఆ వేషాలకు ఆధారం. కుప్పంలోనూ, పుంగనూరులోనూ గంగమ్మ జాతరలు పెద్దయెత్తున జరుగుతాయి. దేవత ముందు బూతు మాట్లాడటాన్ని ఇక్కడి భక్తి అనుమతించింది, దానికి రోజులూ హద్దులూ పెట్టింది. గమనించవలసింది ఇంకొకటి. జాతరలో బూతు పాళెగాడి వేటలో భాగం, కథ లోపలిది. వేట ముగిసేసరికి బూతుకూ గడువు ముగుస్తుంది. ఒకే నేల మీద రెండు రూపాలు బూతును వాడుకున్నాయి. ఒకటి దాన్ని కథకు కట్టింది, ఒకటి విడిచిపెట్టింది.

ఆడవాళ్లను కించపరుస్తుందన్న అభ్యంతరం దీనికంటే బలమైనది, తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. బంగారక్క నోటికి ఎంత స్వేచ్ఛ ఉన్నా ఆ ఘట్టాల్లో తన్నులు నవ్వు పుట్టించే సాధనాలు. దెబ్బకు ఫలితం చూపించని కథలో దెబ్బ వేడుకగా మిగిలిపోతుంది. కథన లోపం, నైతిక లోపం ఇక్కడ ఒకటే. ఆమెకు గొంతు ఇచ్చేది తెర వెనక ఆడమనిషే కావడం వల్ల జవాబు చెప్పే అవకాశం ఆటలోనే ఉంది, కొందరు దాన్ని వాడుకున్నారు కూడా. అయినా ఆ జవాబు ఆ రాత్రి ఆ గొంతు సత్తువ మీద ఆధారపడుతుంది గాని కథ మీద కాదు.

మూడో అభ్యంతరం పరిశోధకులది. హాస్యగాళ్లు కాలానికి అతీతులు, వాళ్ల నుంచి పర్యవసానం కోరడం నవలా సూత్రాన్ని జానపదం మీద రుద్దడమే అంటారు. ఇందులో న్యాయం ఉంది. అయితే హాస్యగాళ్లు భటులుగా, చాటింపు వేసేవాళ్లుగా ఇతిహాసం లోపలికి వచ్చే ఘట్టాలు ఈ కళలోనే ఉన్నాయి. అక్కడ వాళ్ల మాట రాజాజ్ఞను తలకిందులు చేస్తుంది, పెద్దవాళ్ల యుద్ధానికి చిన్నవాళ్లు చెల్లించే ధర బయటపడుతుంది, నవ్వు తర్వాతి ఘట్టం మీద నీడ వేస్తుంది. పర్యవసానం అన్న కొలబద్ద బయటి నుంచి తెచ్చినది కాదు. ఆటలోని మేలైన భాగమే దాన్ని ఇస్తోంది.

ఇటీవలి మార్పులు

రాత్రంతా సాగే ఆట ఇప్పుడు అరుదు. సినిమా, టెలివిజన్ వచ్చాక మేళాలు తగ్గాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కుటుంబాలు దీపపు గొడుగులు, గోడ బొమ్మలు చేసి అమ్మి బతుకుతున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పండుగలకూ ప్రభుత్వ వేదికలకూ గంటకు కుదించిన ఆటలో ముందు కోతపడేది పెద్దల హాస్యమే. మిగిలినా కేతిగాడు రెండు పల్టీలు కొట్టి వెళతాడు, బంగారక్క నాట్యం చేస్తుంది, మాట ఉండదు. దీనివల్ల బూతు పోయింది, దాంతోపాటు ఊరి భాషా పోయింది. పర్యవసానం లేకపోవడమన్న అసలు లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, ఎందుకంటే శుద్ధి చేసినవాళ్లు మాటను చూశారు గాని నిర్మాణాన్ని చూడలేదు. గంట ఆటలో విడి తగువులకు చోటు లేదన్నది ఒప్పుకోవలసిందే. చాటింపు వేసే హాస్యగాడికి మాత్రం అందులోనూ చోటుంది. వాడు వేరే సమయం అడగడు, రావణుడి ఆజ్ఞను జనానికి తన మాటల్లో చెప్పే ఆ కాసేపే వాడికి చాలు. అక్కడ వాడికి పాత నోరు తిరిగి ఇవ్వడానికి కొత్త బొమ్మ చెక్కనక్కర లేదు, కొత్త ప్రసంగం చాలు. (చూ. తొగలు గొంబెయాట; తోల్‌పావైకూత్తు; జాతర వేషాలు.)